ఫ్రాన్స్ వెళ్తున్నాం, పేస్ట్రీలు ఎక్కడ ఏవి తినాలో చెప్పండి (అమ్మ గుడ్డు తినదు, నాన్నకి షుగర్)

అమలాపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. ఈ వేసవిలో అమ్మనీ నాన్ననీ తీసుకుని ఫ్రాన్స్ వెళ్తున్నాను, మా అన్నయ్య లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ముందు పారిస్‌లో దిగి అక్కడ కొన్ని రోజులు ఉండి ఆ తర్వాత ట్రైన్‌లో అన్నయ్య దగ్గరికి వెళ్లాలని ప్లాన్. టవర్లు మ్యూజియంలు అవన్నీ బుక్ చేసేశాం, వాటి గురించి కాదు నేను అడిగేది.

నాకు పేస్ట్రీలంటే ప్రాణం అండి. కాకినాడలో గానీ రాజమండ్రిలో గానీ ఎవరైనా కొత్త బేకరీ పెట్టారంటే మొదట అడిగేది క్రోసాంట్ (పొరలు పొరలుగా ఉండే వెన్న రొట్టె) ఉందా అనే. వీడియోల్లో చూసి చూసి మిల్‌ఫొయ్ (కరకర పొరల మధ్య క్రీము పెట్టేది) అంటే ఏంటో ఎక్లేర్ (లోపల క్రీము నింపిన పొడవాటి పేస్ట్రీ) అంటే ఏంటో బాగానే తెలుసు కానీ అక్కడికెళ్లి షాపు ముందు నిలబడితే వందరకాలు ఉంటాయి కదా, ఏది ఏ టైంలో తినాలి, ఏ షాపు మంచిది అని ఎలా గుర్తుపట్టాలి, పేరున్న షాపుల ముందు క్యూలో నిలబడటం అవసరమా, ఇవి కావాలి నాకు. అన్నయ్యని అడిగితే అన్నీ బాగుంటాయిలే రా అంటాడు తప్ప ఒక్క వివరం చెప్పడు.

రెండో సంగతి అమ్మ. అమ్మ గుడ్డు ముట్టదు, పుట్టినరోజు కేక్ కూడా ఎగ్‌లెస్ అయితేనే. ఊరంతా పేస్ట్రీలు తింటూ తిరుగుతుంటే అమ్మ ఒక్కతే పక్కన నిలబడి చూడటం నాకు ఇష్టం లేదు. నాన్నకి షుగర్ ఉంది, మందులు వాడుతున్నారు, కానీ తీపి కనబడితే ఆగరు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


యానాం గౌతమి గట్టు:

అమ్మాయ్, మంచి ప్రశ్న అడిగావు. మాది యానాం, 1954 దాకా ఫ్రెంచి వాళ్ల కిందే ఉన్న ఊరు కాబట్టి ఇప్పటికీ కొన్ని కుటుంబాలకి అక్కడి పౌరసత్వం ఉంది, మా పెదనాన్న గారి పిల్లలు పారిస్ పక్కనే ఉంటారు, వాళ్లింట్లో ఉండి వాళ్లు ఎలా తింటారో చూసి చెప్తున్నాను.

మొదటిది, షాపులోకి అడుగు పెట్టగానే బోన్‌జూర్ అనాలి. ఇది చిన్న విషయం అనుకోకు. నేరుగా వెళ్లి అది ఎంత ఇది ఎంత అని వేలు చూపిస్తే వాళ్లకి అమర్యాదగా ఉంటుంది, మనింటికి ఎవరైనా వచ్చి పలకరించకుండా కుర్చీలో కూర్చుంటే మనకెలా ఉంటుందో అలా. బోన్‌జూర్ అని, కావాల్సింది చెప్పి సిల్ వూ ప్లే అని, వచ్చేటప్పుడు మెర్సీ అంటే చాలు, మిగతాది చేతులతో చెప్పినా ఓపిగ్గా ఇస్తారు.

టైం సంగతి. పొద్దున్నే తినేవి వేరు, సాయంత్రం తినేవి వేరు. క్రోసాంట్, పాన్ ఓ షోకోలా (లోపల చాక్లెట్ కడ్డీలు పెట్టి చుట్టేది), కిస్మిస్ వేసి చుట్టగా చుట్టేది, బ్రియోష్ (గుడ్డూ వెన్నా వేసిన మెత్తటి రొట్టె), ఇవన్నీ పొద్దుటి సరుకు. మా వాళ్లు ఏడింటికల్లా వెళ్లి తెచ్చేవాళ్లు, పదకొండు దాటిందంటే అదే క్రోసాంట్ మెత్తబడిపోయి ఉంటుంది, పొద్దున నీకు నచ్చిన షాపే మధ్యాహ్నం నచ్చదు. క్రీములు పెట్టినవి, పళ్ల టార్టులు (కాల్చిన పిండి గిన్నెలో పళ్లు పెట్టేవి), ఎక్లేర్లు, ఇవి సాయంత్రం నాలుగింటి సరుకు, పిల్లలు బడి నుంచి వచ్చాక ఏదో ఒకటి తినే టైం అది. ఆదివారం అయితే పొద్దున జనం పెద్ద పెద్ద అట్టపెట్టెలు పట్టుకుని వెళ్తుంటారు, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంటిల్లిపాదీ కోసుకుని తినడానికి. ఆదివారం మధ్యాహ్నం నుంచి చాలా షాపులు మూసేస్తారు, సోమవారం సెలవు పెట్టేవాళ్లు కూడా ఎక్కువే, ఆగస్టులో అయితే ఓనర్లే ఊళ్లకి పోతారు. కాబట్టి ఏ షాపు అనుకున్నా ముందు రోజే టైమింగ్స్ చూసుకో.

ధరలు కూడా చెప్తాను. మామూలు క్రోసాంట్ యూరో పావలా నుంచి యూరోన్నర మధ్య ఉంటుంది, క్రీము పేస్ట్రీ ఒక్కోటి నాలుగు నుంచి ఏడెనిమిది యూరోలు, పేరున్న చెఫ్ షాపులో, పెద్ద హోటల్లో అయితే ఇంకా చాలా ఎక్కువ. కూర్చుని తింటే రేటు పెరిగే చోట్లు ఉంటాయి, అందుకే పేకెట్ కట్టించుకుని దగ్గర్లో పార్కు బెంచీ మీద కూర్చోండి, అక్కడివాళ్లు చేసేది కూడా అదే.

పారిస్‌లో ఒక్క షాపు మాత్రం చూడమంటాను, మోంటోర్‌గ్యూ వీధిలో స్టోరెర్ అని, 1730లో పెట్టింది, ఊళ్లో ఉన్నవాటిల్లో అతి పాత పేస్ట్రీ షాపు. దాన్ని పెట్టినాయన రాణిగారి వంటశాలలో పేస్ట్రీలు చేసినాయన, ఆవిడ పోలండ్ రాజు కూతురు, ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీని చేసుకుంది. బాబా ఓ రమ్ అనే రమ్ములో నానబెట్టిన కేకు అక్కడ ఫేమస్. మీ అమ్మగారికి అది చెప్పొద్దు, గుడ్డూ ఉంటుంది మందూ ఉంటుంది, కానీ లోపలి గోడల మీద బొమ్మలు చూడ్డానికి తీసుకెళ్లు.

వెళ్లేముందు రుచి చూడాలనుకుంటే మాత్రం యానాం రావద్దు, పాండిచ్చేరి వెళ్లాలి, అక్కడ బుస్సీ వీధి వైపు మంచి బేకరీలు ఉన్నాయి. బుస్సీ అంటే మన బొబ్బిలి యుద్ధం బుస్సీయే.


రావులపాలెం బేకరీ బాబాయ్:

ఆయ్, నమస్కారం అమ్మా. నేను చిన్న బేకరీ నడుపుతాను, ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి బేకరీలో కొన్నాళ్లు పని నేర్చుకుని వచ్చినవాడిని. మంచి షాపుని ఎలా గుర్తుపట్టాలి అన్నావు కదా, అది నేను చెప్తాను.

అక్కడ బోర్డు మీద బూలాంజెరీ (రొట్టెల షాపు) అని రాసుకోవాలంటే చట్టం ఉంది, 1998లో తెచ్చారు. పిండి అక్కడే కలపాలి, అక్కడే పులియబెట్టాలి, అక్కడే కాల్చాలి, మధ్యలో ఎక్కడా ఫ్రీజ్ చెయ్యకూడదు, అప్పుడే ఆ పేరు. కానీ జాగ్రత్తగా విను, అది రొట్టెకి మాత్రమే. క్రోసాంట్లు ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టించినవి తెచ్చుకుని ఓవెన్‌లో పెట్టి అమ్మినా ఆ బోర్డు తియ్యక్కర్లేదు. అంటే బోర్డు చూసి రొట్టెని నమ్మొచ్చు, క్రోసాంట్‌ని నమ్మలేం. చాలామందికి ఇది తెలీదు.

మరి ఎలా అంటే, ముందు కళ్లతో చూడు. ట్రేలో ఉన్నవన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో ఒకే రంగులో మెరుస్తుంటే అవి మెషీన్ నుంచి వచ్చినవి అయ్యుండొచ్చు. చేత్తో చుట్టినవి ఒకటి కాస్త లావుగా ఒకటి కాస్త సన్నగా ఉంటాయి. రంగు లేత పసుపు కాదు, బాగా కాలిన గోధుమ రంగు ఉండాలి, అడుగు కూడా కాలి ఉండాలి. చేతిలోకి తీసుకుంటే సైజుకి తగ్గ బరువు ఉండదు, తేలిగ్గా ఉంటుంది. విరిస్తే పైపొర పెళుసుగా విరిగి రజను రాలాలి, లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండాలి, పిండి ముద్దలా అతుక్కుని ఉంటే అది సరిగ్గా పొంగలేదన్నమాట. ఇంకోటి, క్రోసాంట్ ఓ బర్ అని రాసి ఉంటే అచ్చంగా వెన్నతో చేసింది, ఆ మాట లేకుండా ఉత్త క్రోసాంట్ అని ఉంటే మార్గరిన్ (నూనెలతో చేసే వెన్న లాంటిది) కలిసి ఉండొచ్చు. చాలా చోట్ల వెన్నది నిటారుగా, మార్గరిన్‌ది నెలవంకలా వంచి పెడతారు. వంపు తిరిగినదే అసలుది అని మనవాళ్లు అనుకుంటారు, అక్కడ తిరగబడి ఉంటుంది లెక్క.

వెన్న గురించి ఎందుకింత పట్టింపు అంటే, తాపేశ్వరం మడతకాజా తెలుసు కదా, పిండికి నెయ్యి రాసి మడతలు వేస్తేనే కాలాక పొర పొరా విడివిడిగా వస్తుంది. ఇదీ అదే పద్ధతి, కాకపోతే రాయడం కాదు, వెన్నని పలకలా చేసి పిండి మధ్యలో పెట్టి కప్పేస్తారు, వాడే మైదా బరువులో దాదాపు సగం వెన్న పడుతుంది. కర్రతోనో మెషీన్‌తోనో పలచగా చేసి మూడు మడతలు వేస్తారు, ఫ్రిజ్‌లో పెడతారు, మళ్లీ తీసి మడతలు, అలా మూడుసార్లు చేస్తే మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవైఏడు, 27 పొరల వెన్న. మిల్‌ఫొయ్‌కి వాడే పఫ్ పిండికైతే పాత పద్ధతిలో ఆరుసార్లు మడతేస్తారు, లెక్క కట్టుకుంటే 729. ఓవెన్‌లో వేడికి పిండిలోనూ వెన్నలోనూ ఉన్న నీళ్లు ఆవిరై పొరల్ని పైకి తోస్తాయి, అదీ పొంగడం వెనక సంగతి.

మన గోదావరి జిల్లాల్లో ఇది ఎందుకు కుదరట్లేదో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడి బేకరీ వాళ్లకి చేతకాదు అనుకుంటారు, అది నిజం కాదు. వెన్న ముప్పై రెండు ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెలలో మా వర్క్‌షాపులో నలభై దాటుతుంది, పైగా కాలవ పక్కన ఉక్క. మడత వేస్తుండగానే వెన్న పిండిలో ఇంకిపోతే ఇక పొరలు ఎక్కడివి? గదంతా ఏసీ పెట్టి, పిండిని ప్రతి మడతకీ ఫ్రిజ్‌లో పెట్టి, మంచి వెన్న తెప్పించి చేస్తే ఒక్కో క్రోసాంట్ నూటయాభై పైన అమ్మాలి, ఆ రేటుకి ఇక్కడ రోజూ కొనేవాళ్లు తక్కువ. అందుకని ఎగ్ పఫ్‌కీ కర్రీ పఫ్‌కీ వాడే గట్టి మార్గరిన్‌తోనే లాగిస్తారు. అది ఎండకి కరగదు, కానీ నోట్లో కూడా త్వరగా కరగదు, తిన్నాక అంగిట్లో జిడ్డు పొర నిలబడిపోతుంది. వెన్న ఒంటి వేడికే కరిగిపోతుంది, అందుకే నాలుక మీద ఏమీ మిగల్దు. నువ్వు అక్కడ మొదటి ముక్క తిన్నప్పుడు ఆ తేడా చూడు అమ్మా, ఆ తర్వాత ఏ షాపు మంచిదో ఎవర్నీ అడగక్కర్లేదు.

బాగెట్ (పొడవాటి కర్రలాంటి రొట్టె) మర్చిపోకు. ట్రడిసియోన్ అని అడుగు, 1993 నుంచి దానికి రూలు ఉంది, వేరే కెమికల్స్ కలపకూడదు. 2022లో యునెస్కో వాళ్లు బాగెట్ తయారీని వారసత్వ జాబితాలో కూడా పెట్టారు. వేడి బాగెట్ చివర తుంచుకుని ఉప్పు వెన్న రాసుకుని తింటే నీ పేస్ట్రీలు కాసేపు పక్కన పెడతావు.


పాలకొల్లు పిన్ని:

అమ్మాయ్, మీ అమ్మలాగే నేనూ గుడ్డు తినను. మా అమ్మాయి పురుడుకి వెళ్లి అక్కడ ఉన్నాను కాబట్టి ఇది నేను చెప్పాలి. ముందే చెప్తున్నా, ఏమీ దొరకదని దిగులు పడొద్దు, అలాగని అన్నీ దొరుకుతాయనీ అనుకోవద్దు.

గుడ్డు లేకుండా అసలు ఉండనివి ముందు చెప్తాను, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. ఎక్లేర్, క్రీమ్ పఫ్, పారీ బ్రెస్ట్, ఇవన్నీ ఒకటే పిండి, గుడ్డు లేకపోతే పొంగదు. మకరాన్ అంటే గుడ్డు తెల్లసొనా బాదం పొడీ పంచదారా. మడెలీన్, బ్రియోష్, కానెలే, ఫ్లాన్, క్రెమ్ బ్రూలే అన్నిట్లో గుడ్డే. మిల్‌ఫొయ్ పొరల్లో గుడ్డు ఉండకపోయినా మధ్యలో క్రీములో ఉంటుంది. తేనే పంచదారా పప్పులూ తప్ప ఏముంటుందిలే అనుకునే నూగా అనే మిఠాయిలో కూడా తెల్లసొన ఉంటుంది.

ఇప్పుడు క్రోసాంట్. సంప్రదాయంగా పిండిలో గుడ్డు వెయ్యరు, మైదా పాలు వెన్న ఈస్ట్ ఉప్పు పంచదార, అంతే. కానీ పైన మెరుపు కోసం గుడ్డు సొన పూస్తారు. అది కూడా వద్దనుకునేవాళ్లకి పనికిరాదు, మీ అమ్మ ఎంత పట్టింపో నీకే తెలుసు, ముందే చెప్పి ఆవిడే నిర్ణయించుకునేలా చెయ్యి, తిన్నాక చెప్పొద్దు. యాపిల్ గుజ్జు పెట్టిన షోసాన్ ఓ పోమ్ కూడా అంతే, లోపల ఉండదు పైన పూస్తారు.

నేను హాయిగా తిన్నవి ఏంటంటే పాల్మియే, పఫ్ పిండికి పంచదార చల్లి రెండు వైపులా చుట్టి కాలుస్తారు, చెవి ఆకారంలో ఉంటుంది, పెద్దది ఒకటి కొంటే ఇద్దరికి సరిపోతుంది. కుయిన్ అమాన్ అని బ్రిటనీ వైపుది, రొట్టె పిండీ ఉప్పు వెన్నా పంచదారా మడతలేసి కాల్చింది, అడుగున పాకం పట్టి ఉంటుంది, వేడిగా దొరికితే వదలొద్దు. టార్ట్ టటాన్ పఫ్ పిండితో చేస్తే యాపిళ్లు వెన్న పంచదార తప్ప ఏమీ ఉండవు, కొన్నిచోట్ల వేరే పిండి వాడతారు కాబట్టి అడగాలి. పాత్ ద ఫ్రుయి అని పళ్ల గుజ్జు ముక్కలు, పంచదారలో దొర్లించి పెడతారు. చెస్ట్‌నట్లు పాకంలో ఊరబెట్టినవి చలికాలం ఎక్కువ దొరుకుతాయి. ఇవన్నీ కూడా ఒక్కో షాపు ఒక్కోలా చేస్తుంది, ప్రతిచోటా అడిగే కొనాలి.

ఎలా అడగాలి అంటే, యూరప్ రూలు ప్రకారం అలర్జీ వచ్చే పద్నాలుగు పదార్థాల వివరం ప్రతి షాపు దగ్గరా ఉండాలి, గుడ్డు అందులో ఉంది. అలెర్జెన్ అని అడిగితే ఫైలు తీసి చూపిస్తారు, గుడ్డు ఉందో లేదో అక్కడ టిక్ పెట్టి ఉంటుంది. ఇది బాగా పనికొచ్చింది నాకు, వాళ్లకి మన శాకాహారం వివరించే బాధ లేదు. కానీ ఒక్కటి, జెలటిన్ ఆ పద్నాలుగులో లేదు. మూస్‌లు, అద్దంలా మెరిసే కేకులు, పళ్ల మీద జెల్లీ పూతలు, వీటిల్లో జెలటిన్ ఉంటుంది, చాలాసార్లు అది పంది నుంచి తీసింది. దాన్ని విడిగా అడగాలి, ఇల్య ద లా జెలటీన్ అంటే అర్థమవుతుంది. రమ్, కిర్ష్ (చెర్రీ పళ్ల మద్యం) లాంటివి కూడా క్రీముల్లో వేస్తారు, అది కూడా అడగండి.

పారిస్‌లో పూర్తిగా వీగన్ బూలాంజెరీలు ఉన్నాయి, ల్యాండ్ అండ్ మంకీస్ అని ఒకటి కొన్ని చోట్ల ఉంది. గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు, జెలటినూ ఉండదు. మీ అమ్మకి ఎక్లేరు, పాన్ ఓ షోకోలా నిశ్చింతగా తినిపించాలంటే అక్కడికి తీసుకెళ్లు. నేను నా మనవడితో కలిసి అక్కడ బల్ల దగ్గర కూర్చుని మెనూలో ఏదంటే అది చూపించగలిగాను, ఏదీ అడగక్కర్లేకుండా తినడం ఎంత సుఖమో గుడ్డు తిననివాళ్లకే తెలుస్తుంది.


భీమవరం నుంచి లియోన్ రిటర్న్:

అక్కా, నేను లియోన్‌లో చదువుకుని వచ్చాను. పైన అందరూ చెప్పింది కరెక్టే కానీ నాది ఒక్కటే మాట, పారిస్‌లోనే అన్నీ తినేద్దాం అనుకోవద్దు. ఆ దేశంలో ఒక్కో పేస్ట్రీకి ఒక్కో ఊరుంది. పారిస్‌లో అన్నీ దొరుకుతాయి నిజమే, కానీ దేని ఊళ్లో దాన్ని తింటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే అమ్ముతుంటారు కాబట్టి ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది, చేసే చెయ్యి కూడా తిరిగి ఉంటుంది.

మీ అన్నయ్య ఉన్న లియోన్‌కి వస్తే అక్కడ గులాబీ రంగు ప్రాలీన్ టార్ట్ తినాలి, బాదం పప్పులకి గులాబీ రంగు పంచదార పూత పూసి వాటిని క్రీములో ఉడికించి టార్ట్‌లో పోస్తారు, ఎర్రగా మెరుస్తుంటుంది, చాలా తీపి, నాన్నగారికి చెంచాడు చాలు. అవే ప్రాలీన్లు బ్రియోష్ రొట్టెలో పెట్టి కాల్చింది కూడా ప్రతి బేకరీలో ఉంటుంది, నాకు టార్ట్ కంటే అదే ఇష్టం, పంచదార కరిగి రొట్టెలో అక్కడక్కడ పాకం గట్టిపడి ఉంటుంది. పారిస్ నుంచి లియోన్‌కి టీజీవీలో రెండు గంటలే, కాబట్టి పారిస్‌లో కొన్నది ట్రైన్‌లో తినండి.

టైం ఉంటే బోర్డో వెళ్లండి, అక్కడ కానెలే, రాగి అచ్చుల్లో కాలుస్తారు, పైన నల్లగా మాడినట్టు గట్టిగా ఉంటుంది లోపల మెత్తగా జున్నులా ఊగుతుంది, రమ్ము వెనిల్లా వాసన. పైన నలుపు చూసి మాడిపోయిందని వదిలెయ్యకండి, ఆ నలుపే రుచి. అల్సాస్ వైపు వెళ్తే కూగెల్‌హోఫ్, కిస్మిస్ బాదం వేసిన ఎత్తు బ్రియోష్. బ్రిటనీలో పిన్నిగారు చెప్పిన కుయిన్ అమాన్, అది డువార్‌నెనె అనే చేపల రేవు ఊళ్లో పుట్టింది. పారీ బ్రెస్ట్ అయితే చక్రం ఆకారంలో ఉంటుంది ఎందుకంటే పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్లి తిరిగొచ్చే సైకిల్ పందెం పేరు మీద 1910లో చేశారు, మధ్యలో హేజెల్‌నట్, బాదం పాకంలో వేసి నూరిన ముద్ద కలిపిన క్రీము, లియోన్ గులాబీ ప్రాలీన్ కాదు. ఒక్క పేస్ట్రీ మాత్రమే తినాలంటే నేను అదే తింటాను.

పేరున్న షాపుల క్యూల గురించి అడిగారు. మకరాన్ల కోసం పెద్ద వీధిలో గంట నిలబడొద్దు అంటాను నేను, మీరు ఉన్న పేటలో మంచి పేస్ట్రీ షాపు చూసుకుని రోజూ అక్కడికే వెళ్లండి, రెండో రోజుకే వాళ్లు గుర్తుపట్టి ఈరోజు ఇది బాగుంది అని చెప్తారు. షాపు తలుపు మీద గానీ చెఫ్ కోటు కాలర్ మీద గానీ నీలం తెలుపు ఎరుపు పట్టీ ఉంటే ఆయన మెయ్యర్ ఊవ్రియే ద ఫ్రాన్స్, కొన్నేళ్లకోసారి జరిగే చాలా కష్టమైన పోటీలో గెలిచినవాడు అని అర్థం, అలాంటి షాపు దారిలో కనబడితే ఆగండి.


యానాం గౌతమి గట్టు:

తమ్ముడూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను కానీ మకరాన్ విషయంలో ఒప్పుకోను. పియర్ ఎర్మే అనే చెఫ్ షాపులో ఇస్పహాన్ అనే మకరాన్ ఒక్కసారి తినాల్సిందే, గులాబీ, లిచీ, రాస్ప్‌బెర్రీ మూడూ కలిపి చేస్తారు. గులాబీ వాసన మనకి కొత్త కాదు, కానీ పులుపుతో కలిస్తే అంత బాగుంటుందని నాకు అక్కడే తెలిసింది. ఆయనకి ఊళ్లో చాలా షాపులున్నాయి, పొద్దున తెరవగానే వెళ్తే క్యూ కూడా ఉండదు. ఇంకో మాట, మకరాన్ ఒక్కటే ఆ రోజు చేసినదాని కంటే మర్నాడు బాగుండే సరుకు, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంటే లోపలి క్రీము తడిని పైపెంకు పీల్చుకుని మెత్తబడుతుంది. కాబట్టి దాన్ని కొనుక్కుని లియోన్ తీసుకెళ్లినా ఫరవాలేదు.


అమలాపురం అమ్మాయి:

అబ్బా ఎంత వివరంగా చెప్పారండి అందరూ, చదువుతుంటేనే నోరూరిపోయింది. పిన్నిగారూ, ఆ అలెర్జెన్ ఫైలు సంగతి అమ్మకి చదివి వినిపించాను, పైన పూసే సొన కూడా వద్దంది, పాల్మియే మాత్రం ఫోటో చూపిస్తే నాకొకటి నీకొకటి విడివిడిగా కొను అంది. లియోన్ తమ్ముడూ, బోర్డో కుదరదు కానీ ప్రాలీన్ బ్రియోష్ మాత్రం ఖాయం.

ఇంకో రెండు చెప్పండి. నాన్న విషయం ఎవరూ చెప్పలేదు. అలాగే ఇక్కడి నుంచి అన్నయ్య పక్కింటి వాళ్లకి ఏదైనా స్వీట్ పట్టుకెళ్దాం అనుకుంటున్నాం, వచ్చేటప్పుడు అక్కడి నుంచి ఏం తేవచ్చు?


రావులపాలెం బేకరీ బాబాయ్:

నాన్నగారి సంగతి డాక్టర్‌ని అడిగే వెళ్లండి అమ్మా, మందులు ఏ టైంకి వేసుకోవాలో ప్రయాణంలో మారిపోతుంది కదా, అది ముందు కనుక్కోండి. నేను చెయ్యగలిగింది తయారీ వైపు నుంచి చెప్పడం. అక్కడి పేస్ట్రీల్లో చాలావాటికి మన స్వీట్లంత తీపి ఉండదు, అందుకే నాలుకకి తెలీకుండా రెండు మూడు లాగించేస్తారు, తీపి తక్కువ కదా అని. క్రోసాంట్‌లో పంచదార కొంచెమే, కానీ ఉన్నదంతా మైదా, వెన్న, మైదా కూడా షుగర్ పెంచేదే. కాబట్టి తీపి లేదు కదా అని లెక్క తప్పొద్దు. రోజుకి ఒక్కటి కొని నలుగురూ కోసుకోండి, ఆయన ముక్క ఆయనకి ఇవ్వండి, అసలు ఇవ్వకపోతే మీరు చూడనప్పుడు తింటారు. పొద్దున్నే ఉత్త క్రోసాంట్ తినడం కంటే భోజనం అయ్యాక చిన్న ముక్క తిని నడవడం మేలు, అక్కడ ఎలాగూ బాగా నడుస్తారు.


పాలకొల్లు పిన్ని:

పట్టుకెళ్లేదానికి పాలకోవా, జున్ను లాంటివి పెట్టొద్దు, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేవడానికి లేదు, ఎయిర్‌పోర్టులో చూస్తే పారేస్తారు. ఆత్రేయపురం మామిడి తాండ్ర సీలు చేసిన పేకెట్లు తీసుకెళ్లు, విరగదు, కారదు, పాలు ఉండవు. మా అమ్మాయి పక్కింటి ఫ్రెంచి ముసలావిడకి ఇస్తే ఇది ఎలా ఎండబెడతారు, ఎన్ని రోజులు పడుతుంది అని వివరాలన్నీ అడిగింది, ఆవిడ ఇంట్లోనే పాత్ ద ఫ్రుయి చేస్తుందట.

వచ్చేటప్పుడు క్రీము ఉన్నవి ఏవీ తేవద్దు, ఇంత ప్రయాణంలో, అందులోనూ మన ఎండలకి, నిలవవు. రేకు డబ్బాల్లో వచ్చే బ్రిటనీ వెన్న బిస్కెట్లు తెచ్చుకో, చాలావాటిల్లో గుడ్డు ఉంటుంది, డబ్బా మీద చదువు. అమ్మ కోసం పాత్ ద ఫ్రుయి డబ్బా, పెక్టిన్‌తో (పళ్ల నుంచి తీసేది) చేసిందా జెలటిన్‌తో చేసిందా చూసి తీసుకో, పెక్టిన్ అయితే నిశ్చింతగా కొను. నీకు చెయ్యడం ఇష్టమైతే కానెలే రాగి అచ్చు ఒకటి రెండు కొనుక్కో, సూట్‌కేసులో బట్టల మధ్య పెడితే సొట్ట పడదు.


భీమవరం నుంచి లియోన్ రిటర్న్:

అక్కా, అచ్చు కొంటే మాత్రం కళాయి పూసిన రాగిది తీసుకోండి, సిలికాన్ అచ్చులు చవగ్గా దొరుకుతాయి కానీ వాటిల్లో పైపొర అంత కరకరగా రాదు. వెళ్లే తేదీలు దగ్గర పడ్డాక మీరు ఉండే పేట పేరు ఇక్కడ పెట్టండి, లియోన్‌లో అయితే ఏ వీధిలో ఏ షాపు సోమవారం తీసి ఉంటుందో నేను చెప్తాను.